రాజధాని లేని సామ్రాజ్యం: న్యూరెంబర్గ్, రేగెన్స్‌బర్గ్, నోర్డ్‌లింగెన్ యాత్ర

ఊహాలోక కథల్లోనూ వీడియో గేముల్లోనూ తరచుగా కనిపించే జర్మన్ భాషా సామ్రాజ్యానికి కొన్ని లక్షణాలు ఖాయం: దట్టమైన అడవులు, వాటి నడుమ ప్రాకారాలున్న పట్టణాలు, చక్రవర్తిని ఓటు వేసి ఎన్నుకునే ప్రభువులు, ఊరికొక చట్టం. ఈ ఊహకు చాలావరకు మూలం 962లో ఒట్టో పట్టాభిషేకంతో మొదలై, 1806 ఆగస్టులో రెండవ ఫ్రాన్సిస్ కిరీటాన్ని వదులుకోవడంతో ముగిసిన పవిత్ర రోమన్ సామ్రాజ్యం. అయితే కల్పనలో తప్పక ఉండే మహారాజధాని అసలు సామ్రాజ్యానికి లేదు. ఎన్నిక ఫ్రాంక్‌ఫర్ట్‌లో, పట్టాభిషేకం 1531 దాకా ఆఖెన్‌లో, కిరీటం న్యూరెంబర్గ్‌లో, చివరి శతాబ్దంన్నర పాటు సభ రేగెన్స్‌బర్గ్‌లో, అత్యున్నత న్యాయస్థానం చివరికి వెట్స్‌లార్‌లో. కాబట్టి ఒకే నగరంలో బస చేసి ఈ సామ్రాజ్యాన్ని చూశామనుకోవడానికి వీల్లేదు. మేము జర్మనీలోని న్యూరెంబర్గ్‌ను మకాంగా పెట్టుకుని చుట్టుపక్కల పాత స్వతంత్ర నగరాలకు రైళ్లలో తిరిగాం.

మకాంకు న్యూరెంబర్గ్ అన్ని విధాలా అనువైనది. కోటలోని పాత గుర్రపుశాల భవనం ఇప్పుడు యూత్ హాస్టల్‌గా నడుస్తోంది. చక్రవర్తుల కోటలో పడుకునే అవకాశం ఇంత సామాన్యుడి ధరకు మరెక్కడా దొరకదేమో. కానీ స్టేషను నుంచి పెట్టెలు ఈడ్చుకుంటూ రాళ్లు పరిచిన ఎత్తుదారి ఎక్కగలిగినవారికే అది తగినది. పెద్దవాళ్లు వెంట ఉంటే స్టేషను దగ్గరి హోటలే మేలు. కోటలో అన్నిటికన్నా గుర్తుండేది దాదాపు 50 మీటర్ల లోతున్న బావి. గైడు నీళ్లు వంచి అందరినీ నిశ్శబ్దంగా ఉండమంటారు. ఆ నీళ్లు అడుగుకు చేరిన చప్పుడు పైకి వినిపించేసరికి, ముందుగా నవ్విన పిల్లలు కూడా కటకటాల మీదికి వంగిపోయారు. సంత జరిగే చౌకులోని ఫ్రావెన్‌కిర్ఖె చర్చి గడియారంలో మధ్యాహ్నం పన్నెండింటికి ఏడుగురు ఎన్నికదారు ప్రభువుల బొమ్మలు నాలుగవ చార్లెస్ చుట్టూ మూడుసార్లు తిరుగుతాయి. చక్రవర్తిని ఎవరు ఎన్నుకోవాలో ఖరారు చేసిన 1356 నాటి స్వర్ణ శాసనానికి ఇది జ్ఞాపకం. 1945 జనవరి 2 నాటి బాంబుదాడిలో పాత నగరం చాలావరకు నేలమట్టమైంది కనుక, కళ్లెదుట కనిపించే పాతదనంలో అధికభాగం తిరిగి కట్టినదేనని గుర్తుంచుకోవాలి.

ఆ లోటు రేగెన్స్‌బర్గ్‌లో లేదు. యుద్ధం ఈ పాత పట్టణాన్ని చాలావరకు వదిలేసింది. పన్నెండవ శతాబ్దపు రాతి వంతెన మీదుగా డాన్యూబ్ నదిని ఇప్పటికీ దాటవచ్చు. మా యాత్ర మొత్తంలో ఒక్క గదినే ఎంచుకోమంటే, ఇక్కడి పాత పురపాలక భవనంలోని సభామందిరాన్నే ఎంచుకుంటాను. 1663లో మొదలైన సామ్రాజ్య సభ ముగియకుండా 1806 దాకా సాగింది ఇక్కడే. స్తంభాలు లేని కొయ్య పైకప్పు, హోదాను బట్టి ఎత్తు మారే ఆసనాలు, అంత పెద్ద సామ్రాజ్యానికి ఇంత చిన్న గదా అనిపించే కొలత. కింది అంతస్తులో చిత్రహింసల గది ఉంది, అదీ అసలుదే. ఒక్క నగరంలోనే ప్రొటెస్టెంట్ పురపాలక సంఘం, కేథలిక్ బిషప్, మూడు మఠాలు కలిసి ఐదు వేర్వేరు అధికారాలు, ఒక్కొక్కటీ నేరుగా చక్రవర్తికే జవాబుదారీ. నిజాం కాలపు గద్వాల, వనపర్తి సంస్థానాలన్నీ ఒకే ఊళ్లో పక్కపక్క వీధుల్లో ఉన్నాయనుకుంటే ఈ ఏర్పాటు కొంత అర్థమవుతుంది. మందిరాన్ని గైడు వెంట మాత్రమే చూడనిస్తారు, ఇంగ్లీషులో నడిచే విడతలు తక్కువ. ఊళ్లో దిగగానే ముందుగా టికెట్టు తీసుకోవడం మంచిది. ఇక్కడ మేము దిగిన చిన్న వసతిగృహంలో సాయంత్రమే కౌంటరు మూసేసి, తాళంచెవి పెట్టె అంకె మాత్రం పంపడం మరిచారు. చీకటి పడేదాకా గుమ్మంలోనే నిలబడ్డాం. ఆలస్యంగా చేరేవారు ఆ అంకెను ముందే అడిగి రాసుకోవాలి.

ప్రాకారం మధ్య ఉన్న రోథెన్‌బర్గ్ పట్టణం గురించి అందరూ రాస్తారు కనుక క్లుప్తంగా: పగలు జనసందోహం, ధరలు ఎక్కువ, రాత్రి అక్కడే ఉండేవారికి మాత్రం ఊరు ఊరిలా కనిపిస్తుంది. ప్రాకారం మీద నడుస్తుంటే 1945 తర్వాత పునర్నిర్మాణానికి చందాలిచ్చినవారి పేర్లు రాళ్ల మీద కనిపిస్తాయి.

దానికన్నా నోర్డ్‌లింగెన్ మాకు నచ్చింది. సుమారు కోటిన్నర సంవత్సరాల కిందట ఉల్క పడి ఏర్పడిన 25 కిలోమీటర్ల గుంటలో ఈ ఊరుంది. అక్కడి చర్చిని కట్టిన రాయి ఆ దెబ్బకు పుట్టినదే, అందులో కంటికి ఆనని వజ్రపు కణాలున్నాయి. 90 మీటర్ల చర్చి గోపురం ఎక్కితే గుండ్రటి ప్రాకారం, దాని చుట్టూ పొలాలు, ఆపైన గుంట అంచు కొండలు వలయాలుగా కనిపిస్తాయి. రాత్రిపూట ఆ గోపురం నుంచి కావలివాడు ఇప్పటికీ కేక వేస్తాడు. అయితే డోనావ్‌వోర్త్‌లో రైలు మారాలి, మధ్యాహ్నం పూట చాలా భోజనశాలలు మూసి ఉంటాయి.

ఈ ఊళ్లన్నీ ఉన్న బవేరియా రాష్ట్రంలో ప్రయాణానికి బవేరియా రోజు టికెట్టు గొప్ప సౌకర్యం. ఐదుగురి వరకు కలిసి వెళ్లవచ్చు, కానీ పనిదినాల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, వేగరైళ్లలో అసలు చెల్లదు. దేశమంతా తిరగాలంటే నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్టు ఉంది. అది చందా పద్ధతి కనుక ఆ నెల పదో తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసుకుంటారు. ఆదివారం కిరాణా దుకాణాలు తెరవరు, శనివారమే పాలూ పెరుగూ కొని పెట్టుకోవాలి. శాకాహారులకు చీజ్ కలిపిన ష్పెట్స్‌లె (నూడుల్స్ లాంటి పిండి వంటకం) దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది. రుచికరమే, కానీ వరుసగా తింటే భారంగా ఉంటుంది, కారం మాటే లేదు.

ఇంతా తిరిగి అసలు కిరీటాన్ని న్యూరెంబర్గ్‌లో వెతికితే దొరకదు. ఫ్రెంచి సైన్యం వస్తోందని 1796లో దాన్ని అక్కడి నుంచి తరలించారు; ఇప్పుడది వియన్నాలోని హోఫ్‌బర్గ్ ఖజానాలో ఉంది. రేగెన్స్‌బర్గ్ నుంచి పసావ్ మీదుగా అక్కడికి రైల్లో వెళ్లవచ్చు. ఖజానాకు మంగళవారం సెలవు.