మా 2011 వ్యాగన్ ఆర్‌ని ఇంకా నడిపిస్తున్న ఆటోనగర్ షెడ్డు

మాది నాన్న కొన్న 2011 వ్యాగన్ ఆర్ పెట్రోల్, 1,32,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు చూపించిన చోట కింద గడగడ సౌండ్ వస్తోందంటే సస్పెన్షన్ మొత్తం మార్చాలి 14 వేలు అవుద్ది అన్నారు, ఫ్రెండ్ చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి తెచ్చా. మేస్త్రి బండి జాకీ మీద లేపి, రాడ్ పెట్టి కదిపి చూపించాడు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టుకునే రాడ్డు చివర ఉండే రబ్బరు ముక్కలు) పోయాయంతే. 1,800తో అయిపోయింది, పాత బుష్‌లు చేతిలో పెట్టాడు.

అసలు తిట్లు తిన్నది మాత్రం కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) దగ్గర. ఎండాకాలంలో తగ్గినప్పుడల్లా నేను బోరు నీళ్లు పోసేవాణ్ణి, మూత తీస్తే టీ డికాషన్ రంగులో ఉంది. "ఏం బాబూ, ఇది ఇంజనా, కుండీలో మొక్కా" అన్నాడు 😅 బోరు నీళ్లలో ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుందంట, తుప్పు కూడా పడుతుందంట, అలా వదిలేస్తే ఒకరోజు హీటెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోతే అప్పుడు చూడు బిల్లు అన్నాడు. మొత్తం కడిగి, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాడు.

ఇంకోటి, నేను ఏడాదికి 4 వేల కిలోమీటర్లు కూడా తిప్పను కాబట్టి 10 వేలు అయ్యాక ఆయిల్ మారుద్దాంలే అనుకునేవాణ్ణి. అది తప్పంట, 10 వేలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. కూరగాయలకీ స్కూలుకీ రెండేసి కిలోమీటర్లు తిప్పే బండిలో ఇంజన్ సరిగ్గా వేడెక్కక ఆయిల్ ఇంకా తొందరగా పాడవుద్దంట. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ లాగేస్తుంది కాబట్టి రెండేళ్లకోసారి అది కూడా. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పే బెల్టు) మార్చాలా అని అడిగితే దీనికి చైన్ బాబూ, సౌండ్ రానంతవరకు ముట్టుకోవద్దు అన్నాడు, కావాలంటే అక్కడ బిల్లు వేసుకోవచ్చు కదా, వెయ్యలేదు. నాకు నచ్చింది అదే.

మైనస్‌లు కూడా చెప్తా. కంప్యూటర్ బిల్లు ఉండదు, చీటీ మీద రాసిస్తాడు. గంట అంటే మూడు గంటలు. కూర్చోడానికి ఒక విరిగిన బండి సీటు ఉంది, నీడ మధ్యాహ్నం పన్నెండు దాకే. ఏసీ పని చెయ్యడు, వేరే షాపుకి పంపిస్తాడు. 15 ఏళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్ ఉంటుంది కదా, దానికి ముందు చెకింగ్‌కి మళ్లీ ఇక్కడికే తెస్తా. పొద్దున్నే తొమ్మిదింటికల్లా వెళ్లండి, లేటైతే లారీల వెనక లైన్లో నిలబడాలి.