సాదా ఫ్లాష్, ఇంట్లో చేసుకున్న డిఫ్యూజర్: పురుగుల ఫోటోలకు కుదిరిన వెలుగు

ఆరుద్ర కార్తెలో వాన వెలిసిన ఒక ఉదయం, ఎర్రనేల మీద నడుస్తున్న ఆరుద్ర పురుగును ఫోటో తీయబోయినప్పుడు నాకు లోటు తెలిసివచ్చింది లెన్స్ విషయంలో కాదు, వెలుగు విషయంలో. మాక్రో లెన్స్‌తో పురుగును 1:1 నిష్పత్తిలో, అంటే దాని అసలు పరిమాణంలోనే సెన్సర్ మీద పడేలా తీసేటప్పుడు, అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11 దాకా చిన్నది చేసినా స్పష్టంగా కనిపించే మందం సుమారు ఒక మిల్లీమీటరే ఉంటుంది. పైగా అంత దగ్గరలో సెన్సర్‌కు చేరే వెలుగు దాదాపు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం చొప్పున, అంటే నాలుగో వంతుకు) తగ్గిపోయి, ఎఫ్/11 కాస్తా ఎఫ్/22లా పనిచేస్తుంది. పురుగు ఒకచోట నిలవదు, చేతిలోని కెమెరా కూడా కదలకుండా ఉండదు. కాబట్టి అతి తక్కువ సమయంలో ఎక్కువ వెలుగునిచ్చే సాధనం, అంటే ఫ్లాష్, ఇక్కడ తప్పనిసరి.

నేను మొదట కొన్నది లెన్స్ చుట్టూ తగిలించుకునే చవక ఎల్‌ఈడీ రింగ్ లైటు. దాని పేరు చెప్పను గాని, ఫలితం చెప్పడం అవసరం. పూర్తి వెలుగులో పెట్టినా షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 1/60 వంతు కంటే తగ్గించలేకపోయాను. అంతకంటే బాధించిన విషయం, దూకే సాలీడు ముందు కళ్లలో తెల్లటి చుక్కల వలయం ఏర్పడి, అసలు కన్ను కనిపించకుండా పోవడం. వెలుగు అన్ని వైపుల నుంచి సమంగా పడటంతో నీడలు లేక, పురుగు కాగితానికి అతికించిన బొమ్మలా చదునుగా వచ్చింది.

ఆ తరువాత తీసుకున్న యోంగ్నువో సంస్థ వైఎన్560 ఫోర్ ఫ్లాష్‌నే ఇప్పటికీ వాడుతున్నాను, ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే. ఇందులో టీటీఎల్ (లెన్స్ గుండా వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్ పవర్‌ను దానంతటదే సరిచేసే పద్ధతి) లేదు, హైస్పీడ్ సింక్ (మరీ వేగమైన షట్టర్‌తో కూడా ఫ్లాష్ వాడే వీలు) లేదు. పవర్‌ను 1/1 (పూర్తి వెలుగు) నుంచి 1/128 వరకు మనమే పెట్టుకోవాలి. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లకు ఇది లోపమే కావచ్చు గాని, ఇంట్లో డిఫ్యూజర్, అంటే వెలుగును పరిచి మృదువుగా చేసే తెర, తయారు చేసుకునేవారికి ఇదే మేలు. ఎందుకంటే ఒక పొర కాగితం అదనంగా అతికించినప్పుడు టీటీఎల్ ఉన్న ఫ్లాష్ తనంతట తానే పవర్ పెంచి తేడాను కప్పేస్తుంది, ఇది మాత్రం పెట్టిన చోటే ఉండి, ఆ పొర ఎంత వెలుగును మింగిందో ఫోటోలోనే చూపిస్తుంది. మా ఇంటి డిఫ్యూజర్‌కు రెండు పొరలు వేసేసరికి, 1/32లో వచ్చిన వెలుగు కోసం 1/8కి వెళ్లవలసి వచ్చింది. అంటే రెండు స్టాపులు పోయాయన్నమాట. అయినా 1/8లో కూడా ఫ్లాష్ వెలిగే సమయం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువే కాబట్టి, చేతి వణుకు ఫోటోలో కనిపించదు.

ఇక డిఫ్యూజర్ సంగతి. వెలుగు మృదువుగా ఉండటం ఫ్లాష్ ధర మీద గాని, కాగితం మందం మీద గాని ఆధారపడదు. పురుగు ఉన్న చోటు నుంచి చూస్తే ఆ వెలిగే తెల్లటి ఉపరితలం ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదే ముఖ్యం. అందుకే అరచేతి వెడల్పు ఫోమ్ ముక్కైనా, పురుగుకు ఐదారు సెంటీమీటర్ల దూరంలోకి వస్తే దానికి ఆకాశమంత అవుతుంది. ఈ లెక్కతోనే ఫ్లాష్ తల ముందు ఒక అట్ట గరాటు చేసి, లోపల అల్యూమినియం ఫాయిల్‌ను కొద్దిగా నలిపి అతికించాను. గరాటు చివర మొదటి పొరగా బటర్ పేపర్ పెట్టి, దానికి మూడు వేళ్ల ఎడం ఇచ్చి, రెండో పొరగా కొత్త వస్తువుల పెట్టెల్లో వచ్చే తెల్లటి పలుచని ప్యాకింగ్ ఫోమ్‌ను లెన్స్ మీదుగా ముందుకు, పురుగు వైపుకు వంపు తిరిగేలా నిలిపాను. ఆ ఎడమే అసలు కీలకం. రెండు పొరలనూ ఒకదానికొకటి అంటించేస్తే మధ్యలో వెలుగు ముద్దకట్టి, అంచులు చీకటిగా మిగులుతాయి. ఫ్లాష్‌లోనే ఉన్న వెడల్పు పలకను బయటికి లాగి ముందు అడ్డం పెడితే వెలుగు గరాటంతా పరుచుకుంటుంది.

వెలుగు సమంగా పరుచుకుందో లేదో తెలుసుకోవడానికి సైకిల్ షాపులో దొరికే బేరింగ్ గోళీకి మించిన పరీక్ష లేదు. గోళీని నల్లటి గుడ్డ మీద పెట్టి ఫోటో తీస్తే, దాని మెరుపులో డిఫ్యూజర్ ఆకారం మొత్తం ప్రతిబింబిస్తుంది. మొదటి ప్రయత్నంలో మధ్యలో కందిగింజంత తెల్లటి మచ్చ, చుట్టూ బూడిద రంగు కనిపించాయి. పొరల మధ్య ఎడం పెంచిన కొద్దీ ఆ మచ్చ పలచబడుతూ, చివరికి అంచుల దాకా ఒకే తెలుపు వచ్చింది. పెంకు పురుగు వీపు మీదా, సాలీడు కంటిలోనూ పడేది అచ్చం ఇదే ప్రతిబింబం కాబట్టి, ఇక్కడ కుదిరితే అక్కడా కుదురుతుంది.

ఫలితం ఆరుద్ర పురుగు మీదే చెప్పాలి. ఉత్త ఫ్లాష్‌తో తీసినప్పుడు దాని ఒంటి మీది నూగంతా ఎర్రటి ముద్దగా కలిసిపోయి, పైభాగం తెల్లబారింది. ఈ డిఫ్యూజర్‌తో, షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 200 పెట్టి తీసిన ఫోటోలో మఖమల్ లాంటి ఆ నూగు పోగుపోగుగా విడివిడిగా కనిపించింది, వీపు మీది ముడతల్లో సన్నటి నీడలు కూడా నిలిచాయి. నేను ఇన్నేళ్లుగా చూస్తున్న పురుగే అయినా, ఆ ఎరుపులో అన్ని ఛాయలున్నాయని ఆ రోజే తెలిసింది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఈ సెట్టింగుల్లో వెనుక దూరంగా ఉన్నవన్నీ నల్లబడిపోతాయి. ఒక ఆకునో, ఎండు గడ్డినో పురుగు వెనుక దగ్గరగా ఉండేలా చూసుకుంటే ఆ చీకటి పోతుంది.

లోటుపాట్లు లేకపోలేదు. గరాటు బరువు పెరిగితే ఫ్లాష్ తల ముందుకు వాలుతుంది, అందువల్ల అట్ట పలుచనిదే వాడాలి. మే ఎండల్లో టేపు జిగురు కరిగి ఒకసారి డిఫ్యూజర్ మొత్తం ఊడి నేలపై పడింది. అప్పటి నుంచి వెల్క్రో పట్టీతో బిగిస్తున్నాను. బటర్ పేపర్ నిల్వ ఉన్నకొద్దీ పసుపుబారి ఫోటోకు వెచ్చని రంగు తెస్తుంది, కనుక దానిని అప్పుడప్పుడు మార్చి, వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగానే వచ్చేలా చేసే కెమెరా అమరికను) తెల్ల కాగితం మీద సరిచూసుకోవాలి. ఫ్లాష్‌లో వేసే నాలుగు డబుల్ ఏ బ్యాటరీలకు రీచార్జ్ అయ్యే నికెల్ రకమే మేలు, మామూలు ఆల్కలైన్ వాటితో కంటే వీటితో ఫ్లాష్ తరువాతి వెలుగుకు త్వరగా సిద్ధమవుతుంది.

సొంతంగా లైటు తయారు చేయాలన్న ఉత్సాహంతో పాత కెమెరాల ఫ్లాష్‌లను విప్పేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. లోపల విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలిచి ఉంటాయి, బ్యాటరీలు తీసేసినా చాలాసేపు పోవు. మన పనంతా ఫ్లాష్ బయటే, కాగితంతోనూ ఫోమ్‌తోనూ జరగాలి.

ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి పక్కనుంచి వెలిగించాలనుకునేవారికి ఈ వైఎన్560 ఫోర్‌లోనే రేడియో రిసీవర్ ఉంది. కెమెరా మీద ఆ సంస్థదే ఆర్ఎఫ్-603 లాంటి ట్రిగ్గర్ (ఫ్లాష్‌కు వెలగమని రేడియో సంకేతం పంపే పరికరం) ఒకటి ఉంటే చాలు. మాక్రో లెన్స్ ఇప్పటికే ఉండి, పవర్ చేత్తో పెట్టుకునే ఓపిక ఉన్నవారు దీనిని నిశ్చింతగా తీసుకోవచ్చు. ఒకే రోజు పురుగులూ పెళ్లీ రెండూ తీయవలసినవారు మాత్రం టీటీఎల్ ఉన్నదే చూసుకోవాలి, డిఫ్యూజర్ దానికీ ఇలాగే అమరుతుంది.