జేబు నోటుబుక్కుకు తోలు కవరు: ఐదేళ్లు వాడాక

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. చొక్కా పైజేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఏ లిఫ్టులో ఏ అంతస్తు తలుపు సరిగ్గా పడటం లేదు, తాడు మందం ఎంత అరిగింది, పోయినసారి ఏ భాగం మార్చాను, అన్నీ అందులోనే రాసుకుంటాను. ఫోన్లో రాయొచ్చు కదా అంటారు. గ్రీజు అంటిన వేళ్లకు ఆ తెర పలకదు. పైగా లిఫ్టు కింద ఉండే గుంతలోకి దిగినప్పుడు ఫోన్ చేయి జారిందంటే ఇక దాని సంగతి చెప్పక్కర్లేదు. నోటుబుక్కు పడితే దులుపుకుని తీసుకోవచ్చు.

ఇప్పుడు వాడుతున్న తోలు కవరు చేయించుకుని ఐదేళ్ల రెండు నెలలైంది. ఇంతలో దానిలో 37 నోటుబుక్కులు మారాయి. అంటే ఒక్కో పుస్తకం సుమారు 50 రోజులు వచ్చిందన్నమాట. కొత్తగా కొని వారం వాడి రాసేవాళ్లు రంగు, వాసన గురించి బాగా రాస్తారు. ఆ రెండూ నా కవరుకు ఇప్పుడు లేవు. మిగిలినదాని గురించి రాస్తాను.

దీనికి ముందు ఒకటి కొని దెబ్బతిన్నాను. దాని మీద ‘జెన్యూన్ లెదర్’ అని అచ్చు గుద్ది ఉంది. అది చూసి మురిసిపోయాను. ఆ మాటకు అది తోలే అన్నంతవరకే అర్థం, ఎలాంటి తోలో అది చెప్పదని తర్వాత తెలిసింది. చర్మాన్ని పొరలుగా చీల్చినప్పుడు పైపొర గట్టిది, కిందిపొర పీచుపీచుగా ఉంటుంది. ఆ కిందిపొర మీద ప్లాస్టిక్ పూత పూసి, అచ్చుతో గీతలు వేసి అమ్మినా ఆ ముద్ర వేయొచ్చు. నాది అదే సరుకు. ఏడాది తిరిగేసరికి వెన్ను మడత దగ్గర పూత పగిలి పెళ్లలు లేచింది, లోపల నీలం కలిసిన బూడిదరంగు బయటపడింది. క్రోమియం లవణాలతో ఊనిన, అంటే కుళ్లకుండా పదును చేసిన, తోలు కోసిన చోట తరచూ ఆ రంగులో కనపడుతుంది.

దానికంటే ముందే, ఎనిమిదో నెలలో, ఒక మూల కుట్టు తెగింది. సరే ఒక్క కుట్టే కదా అనుకున్నాను. మిషన్ కుట్టులో పైదారం ఒకటి, కిందిదారం ఒకటి, రెండూ తోలు మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే పక్క కుట్టుకు పట్టు పోతుంది. జేబులోంచి తీసి పెట్టే ఒరిపిడికి పది రోజుల్లో ఆ పక్క వరసంతా ఊడొచ్చింది.

అందుకని రెండోసారి చేత్తో కుట్టేవాడి దగ్గరకే వెళ్లాను. ఆయన అడిగిన మొదటి మాట తోలు గురించి కాదు. “ఎక్కడ పెట్టుకుంటారండీ? జేబులోనా, సంచిలోనా?” అన్నాడు. పైజేబులో అన్నాను. జేబు నోరు కొలిచాడు, పదకొండున్నర సెంటీమీటర్లు. తర్వాత నోటుబుక్కు అడిగి తీసుకుని, దాన్ని కూడా కొలిచి, తెరిచి వంచి చూశాడు. ఈ ఐదేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, ఆ రెండు కొలతల మధ్య ఉన్న సందులోనే కవరు మంచీ చెడూ అంతా ఉంది. తోలు రకం ఆ తర్వాతి సంగతి.

జేబు నోటుబుక్కులు అన్నీ ఒకే కొలత అనుకోకండి. ఎక్కువగా దొరికేది 9 × 14 సెంటీమీటర్లది, ఫీల్డ్ నోట్స్ అనే కంపెనీ పుస్తకాల్లాంటివి ఆ కొలతే. ఎ6 అంటే 10.5 × 14.8. పాస్‌పోర్టు అయితే 8.8 × 12.5. పాస్‌పోర్టు కవరులో 14 సెంటీమీటర్ల పుస్తకం పెడితే ఒకటిన్నర సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. ఎ6 కవరులో పెడితే లోపల అటూ ఇటూ జరుగుతుంది. మీరు వాడే పుస్తకం మానకుండా దొరుకుతుందో లేదో చూసుకున్నాకే కవరు చేయించుకోండి. పుస్తకం దొరకడం ఆగిపోయాక కవరును చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేం ఉండదు.

ఇక మందం. పాతదాన్ని వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిస్తే (తాళ్లు కొలిచేదే, చేతిలో ఉంది కదా అని) పుస్తకంతో కలిపి 15 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్తది ఎనిమిదిన్నర. బయటి తోలు 1.2 మిల్లీమీటర్లు, లోపల పుస్తకం అట్టలు దూర్చే రెక్కలు ఒక్కోటి 1 మిల్లీమీటరు. తేడా ఆరున్నర మిల్లీమీటర్లే, కానీ వంగినప్పుడల్లా రొమ్ముకు ఒత్తుకునేది, ఇప్పుడు ఉన్నట్టే తెలియదు. లావుపాటి తోలు చేతికి ఘనంగా ఉంటుంది, చూసేవాళ్లకూ నచ్చుతుంది. జేబుకు మాత్రం నచ్చదు.

రెక్కల దగ్గర ఇంకో పితలాటకం ఉంది. పుస్తకం మొదటి పేజీల మీద రాసేటప్పుడు కింద రెక్క అంచు మెట్టులా తగులుతుంది. పెన్ను ఆ మెట్టు దిగేటప్పుడు అక్షరం విరుగుతుంది. ఆయన రెక్క అంచును కత్తితో పల్చగా చెక్కి ఏటవాలు చేశాడు కాబట్టి నాకు ఆ బాధ ఐదారు పేజీలతో పోతోంది. పాతదానిలో సగం పుస్తకం దాకా ఉండేది. ఎవరి దగ్గరైనా చేయించుకుంటే ఈ ఒక్కటి అడిగి చూడండి. అంచు చెక్కుతారా అని అడిగితే వాళ్లకు పని వచ్చో రాదో అప్పుడే తెలిసిపోతుంది.

మొదటి మూడు వారాలు విసుగొచ్చింది. పుస్తకానికి రెండు మిల్లీమీటర్లే వదులు ఉంచాడు. దూర్చడానికి తంటాలు పడ్డాను, అట్ట మూలలు ముడుచుకుపోయాయి. తీసుకెళ్లి తిరిగిచ్చేద్దామా అనుకున్నాను కూడా. “తోలు సాగుతుందండీ, ఆగండి” అన్నాడు. ఆగాను. నెల తిరిగేసరికి సరిపోయింది. ఈరోజు కొలిస్తే ఆ వదులు నాలుగు మిల్లీమీటర్లు దాటింది. మొదట్లోనే సుఖంగా ఉండి ఉంటే ఈపాటికి పుస్తకం జారి కిందపడేది.

కుట్టు ఎలా వేశాడో దగ్గర కూర్చుని చూశాను. ఒకటే దారం, మైనం పట్టించింది, రెండు కొసలకూ రెండు సూదులు. ముందే పొడిచిన ఒక్కో రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా వెళ్తాయి. దీన్ని జీను కుట్టు, శాడిల్ స్టిచ్ అంటారు. ఒక కుట్టు అరిగి తెగినా ఆ రంధ్రంలోంచి రెండో పోగు ఇంకా పట్టుకునే ఉంటుంది, వరస ఊడదు. మిషన్ చేయలేని పని ఇది. చేత్తో చేసిందని గొప్పగా చెప్పుకునే సంగతుల్లో చాలావరకు ముచ్చటే కానీ, ఈ ఒక్కటి మాత్రం నిజంగా పనికొస్తుంది.

నాది చెట్ల బెరడు, కాయల్లోని టానిన్‌తో ఊనిన తోలు. తుమ్మచెక్క, తంగేడుచెక్క, కరక్కాయ ఇలాంటి వాటిలో ఉండే వగరు పదార్థమే టానిన్. క్రోమియంతో ఒకటి రెండు రోజుల్లో అయ్యే పని దీనితో వారాలు పడుతుంది. కొత్తలో లేత గోధుమరంగులో ఉండేది. ఎండ, చెమట, చేతి జిడ్డు తగిలి ఏడాదికి తేనెరంగైంది, ఇప్పుడు ముదురు బెల్లంరంగు. అందరూ ఫొటోలు తీసి చూపించే మార్పు అదే.

నా దానికి ఆ అందం నిలవలేదు. రెండో ఏడు ఒకరోజు లిఫ్టు గైడ్ రైలు (లిఫ్టు పెట్టె పట్టుకుని నడిచే ఇనప పట్టా) అతుకు ఎత్తుపల్లంగా ఉంటే ఆకురాయితో రాస్తున్నాను. ఇనప రజను చొక్కా మీద పడింది, జేబులోకీ పోయింది. ఒళ్లంతా చెమట. దులుపుకుని ఇంటికొచ్చాను. తెల్లారి చూస్తే కవరు మీద సిరా చల్లినట్టు నల్లటి చుక్కలు. తుడిస్తే పోలేదు. నిజంగానే అది సిరా. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచేవాళ్లు. కరక్కాయలో టానిన్, అన్నభేదిలో ఇనుము. తడి తగిలితే ఆ రెండూ కలిసి నల్లబడతాయి. నా తోలులో టానిన్ ఎటూ ఉంది, ఇనుము నేను తెచ్చాను, తడి నా చెమట. నిమ్మరసం రాస్తే పోతుందన్నారు. ఒక చుక్క మీద రాసి చూశాను. చుక్క పల్చబడింది కానీ చుట్టూ తోలు పాలిపోయి మరకకు తోడు ఇంకో మరక తయారైంది. మిగతావాటి జోలికి పోలేదు. మళ్లీ ఎన్నిసార్లు పడ్డాయో లెక్కలేదు, ఇప్పుడు ముందువైపు సగం నలుపే.

కాబట్టి ఇనుముతో పనిచేసేవాళ్లు, తాళంచెవులు కూడా అదే జేబులో వేసుకునేవాళ్లు క్రోమియం తోలు తీసుకుంటే మంచిది. ఈ నల్ల మచ్చలు దానికి సాధారణంగా రావు. నీళ్లకు కూడా అదే కాస్త ఓర్చుకుంటుంది, మెత్తగానూ ఉంటుంది. క్రోమియం అంటే నాసిరకం అనేది వట్టి మాట. నా మొదటి కవరును చెడగొట్టింది కిందిపొర, పూత, మిషన్ కుట్టు, అంతే. ఇంత తెలిసీ నువ్వెందుకు ఇదే వాడుతున్నావంటే, పాడవడం ఎటూ పాడైంది కదా.

నీళ్లు. ఒకసారి వానలో జేబు దగ్గర తడిసింది. తడిసినంత మేర ముదురు అంచుతో పటంలా మరక కట్టింది. దానికి మందు తోలంతా సమంగా తడిపి నీడన ఆరబెట్టడం. గుడ్డ తడిపి మొత్తం అద్ది, లోపల పాత పుస్తకం ఒకటి పెట్టి ఫ్యాన్ కింద రెండు రోజులు ఉంచాను. మరక అంచు కరిగిపోయింది, కవరు కాస్త బిరుసెక్కింది. ఎండలో పెట్టకండి, హీటరు దగ్గర అసలే వద్దు, వంకరపోతుంది.

బూజు పట్టింది ఒకసారి. కాలు బెణికి రెండు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు కవరు పనిసామాను పెట్టెలో, ప్లాస్టిక్ సంచిలో ఉండిపోయింది. తీసేసరికి తెల్లటి నూగు. బయటికి తీసుకెళ్లి పొడిగుడ్డతో తుడిచి గాలికి పెట్టాను. నూగు పోయింది, ముక్కవాసన నెలన్నర ఉంది. రోజూ వాడుతూ ఉంటే ఈ జబ్బు రాదు.

నూనె విషయంలో తప్పు నాదే. బిరుసెక్కిందని నీట్స్‌ఫుట్ ఆయిల్, అంటే పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె, ఇంత పోసి రుద్దాను. తోలు తాగినంత తాగి మిగతాది పుస్తకానికి ఇచ్చింది. మొదటి నాలుగు పేజీల మీద పెన్ను పలకలేదు. కవరు కూడా గుడ్డలా వేలాడింది, మళ్లీ నిలదొక్కుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు ఏడాదికోసారి తేనెమైనం కలిసిన క్రీము వేలికొసంత తీసుకుని రాసి, ఒక రాత్రి పుస్తకం లేకుండా వదిలేస్తాను. అదీ అవసరమా అంటే చేతి జిడ్డే సరిపోతుందేమో అనిపిస్తుంది.

రంగు గురించి ఒక్క మాట. నాది రంగు వేయనిది కాబట్టి చొక్కాకు ఏమీ అంటలేదు. మాతో పనిచేసే కుర్రాడు ముదురు నీలం కవరు తెప్పించుకున్నాడు, చెమటకు లేతరంగు చొక్కా జేబు మీద నీలం చతురస్రం శాశ్వతంగా పడిపోయింది. అతనిది ఎలాస్టిక్ తాడు రకం. వెన్ను మడతలో తాడు, ఆ తాడు కింద పుస్తకం మధ్యపేజీ. రెండు పుస్తకాలు పడతాయి, ఏ కొలతైనా కొంచెం అటూ ఇటూగా సర్దుకుంటుంది. నా దాంట్లో అది కుదరదు. కానీ రెండేళ్లకే అతని తాడు సాగి పుస్తకం వేలాడింది, మార్చుకున్నాడు. మార్చడం తేలికే.

పెన్ను పెట్టుకునే ఉంగరం వద్దన్నాను. పక్కకు పొడుచుకొచ్చేది ఏదైనా మా పనిలో ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. బల్ల దగ్గర రాసుకునేవాళ్లకు బాగానే ఉంటుందేమో.

ఖరీదు అడిగితే, దాని డబ్బుతో నాకు నాలుగేళ్లకు సరిపడా నోటుబుక్కులు వచ్చేవి. నోటుబుక్కు అట్టలు నలగకుండా ఉండటం కోసమే అయితే అంత పెట్టక్కర్లేదు, 50 రోజుల్లో నలిగినా నష్టం లేదు. నాకు కవరు లేని పుస్తకం చెమటకు ముద్దయ్యేది, రెండు పిన్నులూ తుప్పుపట్టి మధ్యపేజీ ఊడేది. మీ పుస్తకం సంచిలో పొడిగా ఉండేదైతే కవరు ముచ్చటకే.

పోయిన చలికాలంలో కింది మూల దగ్గర మూడు కుట్లు అరిగి తెగాయి. జేబు అడుగుకు రోజూ రాసుకునేది ఆ మూలే. వరస మాత్రం చెక్కుచెదరలేదు. తెస్తే పదిరోజుల్లో కుట్టిస్తానన్నాడు ఆయన. పదిరోజులు ఉత్తజేబుతో తిరగడం ఇష్టంలేక మైనందారం, మొన మొద్దుగా ఉండే రెండు సూదులు తెచ్చుకున్నాను. రంధ్రాలు పాతవే ఉన్నాయి కాబట్టి పొడవాల్సిన పని లేదు. అటు రెండు, ఇటు రెండు మంచి కుట్ల మీద నుంచి కలుపుకుని మొత్తం ఏడు వేశాను. ఆయన కుట్లన్నీ ఒకే ఏటవాలు, నావి మాత్రం ఒకటి అటు చూస్తుంది, ఇంకోటి ఇటు. ఆరు నెలలైంది, ఊడలేదు.