ఆక్సీమీటరా, ఏబీజీయా, డీఎల్‌సీఓనా: ఊపిరితిత్తుల సత్తా తెలియాలంటే ఏది మేలు?

"వేలికి పెడితే 97 చూపిస్తోంది, మరి డాక్టరుగారు డీఎల్‌సీఓ ఎందుకు రాశారండీ?" మెట్లెక్కితే ఆయాసపడే పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. డీఎల్‌సీఓ అంటే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దాటుతోందో చూసే పరీక్ష; ఏబీజీ అంటే ధమని రక్తంలోని వాయువులను కొలిచే పరీక్ష.

ఆక్సీమీటర్ చెప్పేది హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందన్నది. ఇక్కడే చిక్కు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 95 నుంచి 60 మి.మీ.కి (పాదరస మట్టం) పడిపోయినా, వేలి మీద అంకె 97 నుంచి 90 దాకానే దిగుతుంది. ఆ తర్వాత మాత్రం గబగబా జారిపోతుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో, కుర్చీలో కూర్చున్న మనిషికి 97 వస్తూనే ఉంటుంది. లోపల గాలిగదుల గోడలు అప్పటికే మందమెక్కి ఉండొచ్చు. అందుకే ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండిపోవడం నాకు భయమనిపిస్తుంది.

డీఎల్‌సీఓ ఆ గోడలనే పరీక్షిస్తుంది. 0.3 శాతం కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని నిండుగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టి వదలాలి. ఆ వాయువు ఎంత మేరకు రక్తంలోకి వెళ్ళిందో లెక్క కడతారు. విషవాయువు కదా అని చాలామందికి టెన్షన్. అంత కొద్ది మోతాదుతో హాని ఉండదు. హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టేస్తుంది కాబట్టి, గోడ దాటడంలో ఎంత అడ్డు ఉందో బాగా తెలుస్తుంది. డెన్మార్క్‌కు చెందిన మేరీ క్రోగ్ 1915లోనే ఈ పద్ధతిని ప్రచురించారు.

దీనికీ ఒక లోపం ఉంది. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకు ఊపిరితిత్తులు బాగున్నా ఫలితం తగ్గి వస్తుంది. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కువ కాబట్టి, హిమోగ్లోబిన్‌కు తగ్గట్టు సరిదిద్దారా అని తప్పక అడగండి. పరీక్ష రోజు సిగరెట్ ముట్టకూడదు.

ఎమర్జెన్సీలో మాత్రం ఏబీజీనే. ఊపిరాడని మనిషి 10 సెకన్లు ఎలా బిగబడతాడు? మణికట్టు దగ్గర ధమనిలో సూది గుచ్చుతారు, నొప్పే. కానీ కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందా అన్నదీ దాంట్లో తెలుస్తుంది. రక్తంలోని ఆక్సిజన్‌ను, మనిషికి పెడుతున్న ఆక్సిజన్‌తో పోల్చి చూస్తే ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో కూడా అంచనా దొరుకుతుంది.

ఆరు నిమిషాలు నడిపించి, ఎంత దూరం నడిచారో, ఆక్సిజన్ ఎంత పడిందో చూసే నడక పరీక్ష తేలిక, చవక. డీఎల్‌సీఓ దొరకని ఊళ్ళో అదైనా చేయించండి.

ఆయాసం నెలల తరబడి మెల్లగా పెరుగుతోందంటే నా ఓటు డీఎల్‌సీఓకే. మళ్ళీ చేయించేటప్పుడు వీలైతే అదే ల్యాబ్‌కు, పాత రిపోర్టుతో వెళ్ళండి; యంత్రం మారితే అంకెలు కొంత మారతాయి.