కట్ట ఎత్తు పెంచాలా, అలుగు వెడల్పు చేయాలా, నీళ్లు తగ్గించాలా?

ముసురు పట్టిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, మా చెరువును మినీ ట్యాంక్‌బండ్ చేసిన్రు. పొద్దున వాకింగ్, సాయంత్రం బోటింగ్, అంతా బాగనే ఉంది. కానీ నిరుడు నీళ్లు కట్ట అంచుకు జానెడు కిందికొచ్చినయ్. ఏం చేస్తే మంచిది?" ఈసారి అదే ప్రశ్న మా ఊరి చెరువు మీదే వచ్చింది. నీటిపారుదల పనుల్లో తిరిగి రిటైరైనవాణ్ని కదా, కమిటీలో కూర్చోబెట్టారు. అక్కడ చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

అలుగు అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లి పోవడానికి కట్ట కంటే తక్కువ ఎత్తులో కట్టిన గోడ. ఓరుగల్లు వైపు మత్తడి, నెల్లూరు వైపు కలుజు, అనంతపురం వైపు మరవ, ఎవరి పేరు వాళ్లది. మట్టికట్ట ఎలా తెగుతుందో కూడా తెలిసిందే. లోపల బుంగ, అంటే నీళ్లు తొలుచుకున్న బొరియ, పడి తెగుతుంది, లేదా నీళ్లు కట్ట మీదుగా పొర్లి తెగుతుంది. బుంగ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. అడిగేవాళ్ల భయమంతా పొర్లడం గురించే. రాతికట్ట మీదుగా నీళ్లు పోతే చూడ్డానికి జలపాతం. మట్టికట్ట మీదుగా పోతే వెనకవైపు వాలు కోసుకుంటూ గంటల్లో గండి.

ముందు కట్ట ఎత్తు పెంచడం. కమిటీలో ఎక్కువమంది చెప్పింది ఇదే, ఎందుకంటే కంటికి కనిపించే పని ఇది. రెండడుగులు మట్టి పోస్తే రెండడుగుల ధైర్యం వస్తుంది. కానీ కట్ట వాలు రెండు వైపులా ఒకటికి రెండు, అంటే అడుగు ఎత్తుకు రెండడుగుల వెడల్పు, అనుకుంటే, పైన అడుగు పెంచాలంటే కింద పాదం నాలుగడుగులు వెడల్పు కావాలి. పాదం దగ్గర ఇళ్లో రోడ్డో ఉంటుంది కాబట్టి ఆ నాలుగడుగులు దొరకవు. అప్పుడు కాంట్రాక్టరు పేవర్ బ్లాకుల మీదే మొరం కుప్ప పోసి, పైన మళ్లీ పేవర్లు పరుస్తాడు. పాత మట్టిని గీకి, మెట్లు కోసి, పొరపొరకూ తడిపి రోలర్ తిప్పితే తప్ప కొత్త మట్టి పాతదాన్ని పట్టుకోదు. నీళ్లు అంత ఎత్తుకు వచ్చిననాడు ఆ రెండింటి మధ్య సందులోంచే దారి వెతుక్కుంటాయి.

పని బాగా చేశారనే అనుకుందాం. నాకున్న అసలు భయం వేరు. కట్ట పెరిగిన రెండో ఏడో మూడో ఏడో అలుగు మీద ఇసుక బస్తాలు పడతాయి. బోటింగ్ వాళ్లకు ఎండాకాలం దాకా నీళ్లు కావాలి, చేపలవాళ్లకూ కావాలి, నిండుగా ఉంటే ఫొటోలు బాగా వస్తాయి. "కట్ట ఎత్తుగనే ఉంది గదా, రెండు వరసలు బస్తాలేస్తే ఏమైతది?" అంటారు. కట్ట పెంచి సంపాదించిన రెండడుగులూ అలా నీళ్లకింద పోతాయి. తెగితే ఇదివరకటికంటే ఎక్కువ నీళ్లు ఊరి మీద పడతాయి.

చెరువు నీటిమట్టం ముందే తగ్గించడం రెండో మార్గం. జూన్‌లోనే తూము, అంటే కట్ట అడుగున నీళ్లు వదిలే దారి, తీసి మీటరు ఖాళీ పెట్టుకోవాలన్నమాట. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ సంగతే చూడండి. వాన సూచన రాగానే తూములు తీశారని పేపర్లో చదువుతూనే ఉంటాం. అక్కడ కాపలాకు మనుషులున్నారు. మన చిన్న చెరువుకు లెక్క వేసి చూడండి. నలభై ఎకరాల చెరువు, అంటే సుమారు 16 హెక్టార్లు. మీటరు ఖాళీ పెడితే 1 లక్షా 60 వేల ఘనపు మీటర్లు పడుతుంది. పైన 5 చదరపు కిలోమీటర్ల నుంచి 10 సెంటీమీటర్ల నీరు పారి వచ్చిందంటే 5 లక్షల ఘనపు మీటర్లు. మూడోవంతు కూడా ఆగదు, మిగతాది అలుగు మీదికే రావాలి. పైగా తూము షట్టరు తుప్పుపట్టి ఏళ్లయి ఉంటుంది. చెరువు నీళ్లకు కాపలా ఉండే వెనకటి నీరటికాడు ఉంటే అర్ధరాత్రి లాంతరుతో వెళ్లి చూసేవాడు. ఇప్పుడు ఆ పని ఎవరిదంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కట్టలో ఊట కనిపించినప్పుడు మాత్రం మట్టం తగ్గించడమే మొదటి మందు. శాశ్వత ఏర్పాటుగా దాన్ని నమ్ముకోలేం.

గేట్లు పెడదాం అన్నారు ఒకరు. చిన్న చెరువుకు గేటు వద్దు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టుకు ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు, వరద మట్టికట్ట మీదుగా పొర్లి తెంచేసింది. పెద్ద ప్రాజెక్టుకే అలా అయితే, మన చెరువు గేటుకు గ్రీజు పెట్టేదెవరు? కట్ట తీసేసి చెరువు లేకుండా చేద్దామన్న మాట కూడా వచ్చింది గానీ, బతుకమ్మ ఘాట్ కట్టుకున్న ఊళ్లో దాని మీద చర్చ రెండు నిమిషాలు కూడా సాగలేదు.

ఇక అలుగు. నా మొగ్గు ఇటేనని ఈపాటికి తెలిసే ఉంటుంది. అలుగు మీదుగా పోయే నీటి లెక్క సులువు. అలుగు వెడల్పు చేయడమంటే కట్ట వెంట దాని పొడవు పెంచడమే. పొడవు రెట్టింపైతే అదే మందానికి రెట్టింపు నీళ్లు పోతాయి. మందం పెరిగితే మాత్రం నీటి వేగం కూడా పెరుగుతుంది, అందుకే మందం లెక్క సగానికి సగం కాదు. ఇప్పుడు అలుగు మీద 24 అంగుళాల మందాన దూకుతున్న వరద, పొడవు రెట్టింపు చేస్తే 15 అంగుళాల మందానే పోతుంది. తొమ్మిది అంగుళాలు కలిసొచ్చాయి, కట్టకు తట్టెడు మట్టి పోయకుండానే. అలుగుకూ కట్ట అంచుకూ మధ్య మూడడుగుల తేడా ఉందనుకోండి. కట్టను అడుగు పెంచితే మొత్తం పోగల నీరు ఒకటిన్నర రెట్లు, అలుగు రెట్టింపు చేస్తే రెండు రెట్లు. కట్టకేమో వందల మీటర్ల పొడవునా మట్టి పోయాలి, అలుగుకు ఒక మూల పని సరిపోతుంది. తుప్పు పట్టేదేమీ ఉండదు, అర్ధరాత్రి ఎవరూ లేవక్కర్లేదు.

చిక్కులు దీనికీ ఉన్నాయి. అలుగు కింది వాగు దాన్ని మోయాలి. వాగులో ప్లాట్లు వేసి ఉంటే వెడల్పు అలుగు నీళ్లను నేరుగా వాళ్ల వాకిట్లోకి పంపుతుంది. ఒకదాని అలుగు నీళ్లు ఇంకోదాంట్లోకి పోయే గొలుసుకట్టు చెరువులైతే కింది చెరువు సంగతీ చూడాలి. 1908లో హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది, 788 చెరువుల్లో 221 తెగాయని. పైది తెగితే ఆ నీళ్లు కిందిదాని మీదే పడతాయి. అందుకే మా కమిటీలో నేను అలుగు కొలతకంటే ముందు అడిగింది వాగు వెంట కిందిదాకా నడిచి రమ్మని. ఇద్దరే వచ్చారు, అది వేరే సంగతి.

అలుగే తేల్చే విషయమని ఎందుకంటానో చెప్పడానికి ఒక పాత కథ ఉంది, మనది కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ ధనవంతుల క్లబ్బుకు విహారానికని ఒక చెరువుండేది. సౌత్ ఫోర్క్ డ్యామ్ అనేవారు, 72 అడుగుల మట్టికట్ట. ఉక్కు వ్యాపారి కార్నెగీ కూడా ఆ క్లబ్బులో సభ్యుడే. నీళ్లు కిందికి వదిలే పైపులు క్లబ్బు చేతికి రాకముందే పీకేసి ఉన్నాయి, మళ్లీ పెట్టలేదు. గుర్రపుబండ్లు పోవడానికి వీలుగా కట్ట పైభాగం తగ్గించి వెడల్పు చేశారు. చేపలు జారిపోకుండా అలుగుకు జాలీలు బిగించారు. 1889 మే 31న కుండపోత వానకు చెత్త వచ్చి ఆ జాలీలకు అడ్డం పడింది, నీళ్లు కట్ట మీదెక్కాయి. దిగువన జాన్స్‌టౌన్‌లో 2,209 మంది చనిపోయారు.

షికారు దారి, చేపల జాలీ, పనిచేయని తూము. మన మినీ ట్యాంక్‌బండ్ల మీద ఈ మూడూ చూడనివాళ్లెవరు? 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల బాగు కోసం మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల లెక్క తీశారు. పూడిక తీయడం, తూములు బాగుచేయడం నిజంగా మంచి పనులు. కానీ పట్నం పక్క చెరువుకు సోకు పెరిగేకొద్దీ అలుగు చిన్నదవుతుంది. వాకింగ్ ట్రాక్ ఎక్కడా తెగకూడదని అలుగు కాలువలో నాలుగు సిమెంటు పైపులేసి పైన రోడ్డు పోస్తారు. గుర్రపుడెక్క ఒక్క తెప్ప వచ్చి ఆ పైపులకు అడ్డం పడితే చాలు.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మన చెరువు కట్టలు చాలావరకు పది మీటర్లు కూడా ఉండవు.

మా ఊళ్లో చివరికి కట్టను ముట్టుకోవద్దని, అలుగును కుడిపక్కకు పెంచాలని రాసుకున్నాం. తూము షట్టరు మార్చడం కూడా అందులోనే పెట్టాం. చేపల సంఘంవాళ్లతో జాలీ మాట మాత్రం తెగలేదు. అలుగుకు కాకుండా చెరువు లోపల వల కట్టుకుంటామన్నారు, వరదలో అదే కొట్టుకొచ్చి అలుగుకు చుట్టుకుంటుందని నేనన్నాను. ట్రాక్ గురించి ఇంకా పెద్ద గొడవ. పైపులు తీసేసి, అలుగు దగ్గర దారిని పల్లంగా దించి, నీళ్లు దాని మీదుగానే పోయేలా కాజ్‌వే చేయమన్నాను. మత్తడి దుంకినన్ని రోజులు వాకింగ్ అక్కడిదాకే, వెనక్కి తిరగాలి. "అంటే రౌండు పూర్తిగాదా సార్?" అన్నాడొకాయన. కాదన్నాను.