మెచ్చిన ఆటగాడు వెళ్లిపోతే జట్టుతో ఉండాలా, అతని వెంట వెళ్లాలా? ఏది మేలు?

ఐపీఎల్ జట్లు ఆటగాళ్లని దాదాపు మొత్తం కొత్తగా ఎంచుకునే మెగా వేలం ముగిసిన ప్రతిసారీ అభిమానులు అడిగే ప్రశ్న ఒకటే. ఇన్నాళ్లూ మనవాడనుకున్నవాడు వేరే జెర్సీ వేసుకున్నాడు, ఇప్పుడు మనం ఎవరి వైపు? కోచ్ మారినా ఇదే ప్రశ్న, కాస్త తక్కువ బాధతో. ఉన్న దారులు ముఖ్యంగా మూడు: జట్టుతోనే ఉండటం, ఆటగాడి వెంట వెళ్లడం, కోచ్ వెంట వెళ్లడం.

ముందు ట్రోఫీల లెక్క తీద్దాం. ఆటగాడి వెంట వెళ్లినవాళ్లకి వెంటనే ఫలితం దక్కిన సందర్భాలు ఉన్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో టామ్ బ్రేడీ ఇరవై సీజన్లు ఆడిన పేట్రియాట్స్‌ని 2020లో వదిలి టాంపా బేకి వెళ్లాడు, మొదటి సీజన్‌లోనే సూపర్ బౌల్ అనే లీగ్ ఫైనల్ గెలిచాడు. రషీద్ ఖాన్ సన్‌రైజర్స్ నుంచి గుజరాత్ టైటన్స్‌కి వెళ్లిన 2022లోనే గుజరాత్‌కి టైటిల్ వచ్చింది. వెంట వెళ్లడం వెర్రితనం అని కొట్టిపారేయడానికి లేదు.

కానీ వయసు లెక్క కూడా చూడాలి. సన్‌రైజర్స్‌కి 2016లో టైటిల్ తెచ్చిన కెప్టెన్ డేవిడ్ వార్నర్‌ని 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు, ఆ తర్వాత తుది జట్టులోంచి కూడా తప్పించారు. అభిమానుల కోపం న్యాయమైనదే. 2022 వేలంలో ఢిల్లీ అతన్ని తీసుకుంది, అప్పటికి వార్నర్‌కి 35 ఏళ్లు. అతని వెంట ఢిల్లీకి వెళ్లినవాళ్లకి దక్కినవి మూడు సీజన్లు, ఆ మూడింటిలో ఒక్కసారీ ప్లేఆఫ్స్ లేవు. 2024 నవంబరు వేలంలో వార్నర్‌ని ఎవరూ కొనలేదు. ఇటు సన్‌రైజర్స్ 2021లో అట్టడుగున, 2022లో ఎనిమిదో స్థానంలో, 2023లో మళ్లీ అట్టడుగున నిలిచి, 2024లో ఫైనల్ ఆడింది. ముప్పై మూడు, ముప్పై నాలుగు దాటిన ఆటగాడి వెంట వెళ్తున్నామంటే రెండు మూడేళ్లలో మళ్లీ ఇదే ప్రశ్న ముందుకొస్తుందని తెలిసే వెళ్లాలి. పాతికేళ్లవాడైతే ఆ లెక్క వేరు.

అయినా ట్రోఫీలు, వయసు రెండూ కాదు, అసలు తేల్చేది పాత జట్టూ ఆ ఆటగాడూ ఎదురుపడే రోజు.

2022 మే 5న అదే జరిగింది. ఢిల్లీ తరఫున వార్నర్ సన్‌రైజర్స్ మీద 92 నాటౌట్. చివరి ఓవర్‌లో సెంచరీకి ఎనిమిది పరుగులే తక్కువ, కానీ స్ట్రైక్ తన చేతికి రావాలని అతను పట్టుబట్టలేదు, అవతలి ఎండ్‌లో ఉన్న రోవ్‌మన్ పావెల్‌ని బాదమన్నాడు. ఆ ఓవర్‌లో 19 పరుగులొచ్చాయి, ఢిల్లీ 21 పరుగుల తేడాతో గెలిచింది. ఇలాంటి మ్యాచ్‌లో మొదటి పది ఓవర్లు అందరూ ఒకటే అనుకుంటారు: వాడూ బాగా ఆడాలి, మన జట్టూ గెలవాలి. పదిహేనో ఓవర్ దాకా ఆ కోరిక నడుస్తుంది. ఆ తర్వాత రెండూ కుదరవు, ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. అతను గాల్లోకి లేపిన బంతి కింద ఫీల్డర్ నిలబడ్డప్పుడు మన నోటి నుంచి ముందు ఏ మాట వచ్చిందో చూసుకుంటే చాలు. ‘పట్టు’ అన్నామా, ‘అయ్యో’ అన్నామా? ఆ క్షణంలో ఆలోచించి అనడానికి టైముండదు కాబట్టి అదే నిజం.

‘అయ్యో’ అన్నవాళ్లు నిశ్చింతగా ఆటగాడి వెంట వెళ్లొచ్చు. జట్టుకి ద్రోహం చేశామని కుమిలిపోవాల్సిన పని లేదు, వాళ్లకి మొదటి నుంచీ ఆ జట్టు అతని ఇల్లుగానే తెలుసు. ‘పట్టు’ అన్నవాళ్లు జట్టుతోనే ఉండాలి. చాలామంది ఈ రెండోవాళ్లే. కోపంలో వెళ్లిపోయినా రెండో సీజన్‌కి తిరిగొచ్చేదీ వీళ్లే.

జట్టుతో ఉంటే ఆటగాడిని మర్చిపోవాలని కాదు. ఫుట్‌బాల్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని వదిలి వెళ్లిన రొనాల్డో 2013 మార్చిలో రియల్ మాడ్రిడ్ తరఫున యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వస్తే అభిమానులు చప్పట్లతో స్వాగతం చెప్పారు. అతను గోల్ కొట్టి సంబరం చేసుకోలేదు. ఆ గోల్‌తోనే యునైటెడ్ చాంపియన్స్ లీగ్ నుంచి బయటికి పోయింది. చప్పట్లు ఆటగాడికి, గెలవాలన్న కోరిక జట్టుకి. ఈ రెండూ విడివిడిగా ఉంచుకోగలిగితే నా ఓటు జట్టుతో ఉండటానికే.

ఉండేముందు ఒకటి చూడాలి: స్టార్‌తో పాటు ఇంకేం పోయాయి? ప్రో కబడ్డీ లీగ్‌లో స్టార్ రైడర్ పర్దీప్ నర్వాల్ పట్నాని వదిలి యూపీ యోధాకి వెళ్లాక, ఎనిమిదో సీజన్ సెమీస్‌లో పట్నా 38-27తో యూపీనే ఓడించింది, ఫైనల్‌లో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. రైడర్ పోయినా షాద్లూ లాంటి డిఫెండర్‌తో డిఫెన్స్ గట్టిగా ఉంది. సన్‌రైజర్స్‌కి 2021 నుంచి 2024 దాకా నాలుగు సీజన్లలో నలుగురు హెడ్ కోచ్‌లు: బేలిస్, మూడీ, లారా, వెటోరి. 2023 దాకా పడ్డ కష్టానికి వార్నర్ లేకపోవడం కన్నా ఈ మార్పులే పెద్ద కారణమని నా అభిప్రాయం. ప్రతి కోచ్ తన ఆటతీరుకి తగ్గ ఆటగాళ్లని అడుగుతాడు, మెగా వేలం మాత్రం మూడు నాలుగేళ్లకోసారి. అందుకే జట్టుకి ఒక వేలం నుంచి ఇంకో వేలం దాకా గడువివ్వాలి. ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పడం తొందరపాటు.

కోచ్ విషయంలోనూ అదే. యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ 2013లో రిటైరైన వేసవిలోనే క్లబ్ చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన మోయెస్‌ని పది నెలలకే పంపించారు. లివర్‌పూల్ కోచ్ క్లాప్ వెళ్తున్నట్టు 2024 జనవరిలోనే చెప్పాడు, స్టార్లు సలా, వాన్ డైక్ ఉండిపోయారు, కొత్త కోచ్ స్లాట్ మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచాడు. 2024 చాంపియన్ కోల్‌కతాకి మెంటర్ గంభీర్, కెప్టెన్ శ్రేయస్ అయ్యర్ ఇద్దరూ ఒకేసారి దూరమయ్యారు, 2025లో ఎనిమిదో స్థానం.

కోచ్ వెంట వెళ్లడం ఆటతీరుని ఇష్టపడేవాళ్లకి మాత్రమే. కోచ్ పాంటింగ్, కెప్టెన్ అయ్యర్ కలిసి 2020లో ఢిల్లీని, 2025లో పంజాబ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లారు. అదే పాంటింగ్ అయ్యర్ లేకుండా 2022 నుంచి 2024 దాకా ఢిల్లీతో ప్లేఆఫ్స్ చేరలేదు. కోచ్ ఒక్కడినే చూసి వెళ్తే దక్కేది సగమే.

రెండు జట్లనీ మోయడం ఆ రెండూ తలపడే దాకా నడుస్తుంది. ఒక సీజన్ చూడటం మానేస్తే కోపం తగ్గుతుంది, అంతకు మించి ఏమీ తేలదు. అతని స్థానంలో వచ్చిన కొత్తవాడిని గేలి చేయడం మాత్రం అన్యాయం. 2024లో ముంబైకి రోహిత్ స్థానంలో కెప్టెన్‌గా వచ్చిన హార్దిక్ పాండ్యాకి ఎదురైంది అదే. కెప్టెన్సీ మార్చింది యాజమాన్యం, మాటలు పడింది ఆటగాడు.

వేలం రాత్రి ఏదీ తేల్చుకోకండి. షెడ్యూల్ రాగానే రెండు జట్లూ తలపడే మొదటి తేదీ రాసిపెట్టుకుని, ఆ మ్యాచ్‌లో చివరి ఐదు ఓవర్లు కదలకుండా కూర్చుని చూడండి.