గ్యాస్ చేసే సూక్ష్మజీవులకు ఏ బొగ్గు మేలు: ఫెల్టా, కొబ్బరి చిప్పా, వెదురా?

గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్. మిగిలిన దానిలో చాలావరకు కార్బన్ డయాక్సైడే, అది మంటకు పనికిరాదు. కరెంటు తోడైతే దాన్ని మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులున్నాయి. అమెరికాలో బ్రూస్ లోగన్ బృందం 2009లో ఈ సంగతి చూపించింది. ఆ జీవులకు కరెంటు అందించేది కార్బన్ ఎలక్ట్రోడ్, అంటే వైరుకు తగిలించి నీళ్లలో ఉంచే బొగ్గు ముక్క. ఒడిశాలో మన పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లో ఎవరైనా ఈ ప్రయోగం చేయాలంటే దాన్ని దేనితో చేసుకోవాలి?

ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది కార్బన్ ఫెల్ట్. దుప్పటిలా మెత్తగా ఉంటుంది. పోగుల సందుల్లో జీవులు బాగా చేరతాయి, కరెంటూ బాగా పారుతుంది. పనితనంలో దీనికి వంక పెట్టలేం. అయితే ఆ పోగుల్లో చాలావాటికి మూలం పెట్రోలియమే. గ్రాఫైట్ రకమైతే 2000 డిగ్రీలు దాటించి కాల్చాలి. పునరుత్పాదక గ్యాస్ కోసం ఇంత పెట్రోలియం, ఇంత వేడి ఖర్చు చేయడం నాకు నచ్చదు.

కొబ్బరి చిప్పలకు గంజాం తీరంలో కొదవ లేదు. వాటితో చేసే యాక్టివేటెడ్ కార్బన్‌కు, అంటే లోపలంతా సన్న రంధ్రాలుండే బొగ్గుకు, గ్రాముకు దాదాపు 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుందని గొప్పగా చెబుతారు. నిజమే, కానీ ఆ రంధ్రాల్లో ఎక్కువ భాగం 2 నానోమీటర్ల లోపే. సూక్ష్మజీవి పొడవు దాదాపు ఒక మైక్రాన్ (1000 నానోమీటర్లు), అంటే ఆ రంధ్రం కంటే 500 రెట్లు పెద్దది. లోపలికి దూరలేదు కాబట్టి బయటి పైపొరే దానికి దక్కేది. పైగా గింజకూ గింజకూ మధ్య కరెంటు తడబడుతుంది.

ఈ తడబాటును తేలిగ్గా తీసుకోకూడదు. ఒక మీథేన్ అణువుకు 8 ఎలక్ట్రాన్లు కావాలి. ఆ లెక్కన ఒక ఘనపు మీటరు మీథేన్‌కు, ఒక్క వోల్టు దగ్గర, ఏ నష్టమూ లేకపోయినా సుమారు 9.6 యూనిట్లు పడతాయి. ఆ గ్యాస్ మండితే వచ్చే వేడి దాదాపు 10 యూనిట్లు. ఈ తడబాటు, అంటే నిరోధం వల్ల 0.1 వోల్టు ఎక్కువైతే చాలు, దాదాపు ఒక యూనిట్ వృథా.

అందుకే నా ఓటు వెదురుకి. కాల్చినా దాని నిలువు నాళాలు చెదరవు. పదుల మైక్రాన్ల వెడల్పుంటాయి కాబట్టి జీవులు లోపలికి వెళ్లి స్థిరపడగలవు. నిలువు ముక్క ఒకే బొగ్గుగా మిగులుతుంది కనుక కరెంటుకు మధ్యలో అతుకులుండవు. అడవి బయట పెంచిన వెదురును 2017 సవరణతో అటవీ చట్టం చెట్ల లెక్కలోంచి తీసేసింది కూడా.

కష్టమంతా కాల్చడంలో ఉంది. మామూలు బొగ్గుబట్టీలో 400, 500 డిగ్రీలకు కాలిన వెదురు కరెంటును సరిగ్గా పారనివ్వదు. గాలి తగలకుండా 800, 900 డిగ్రీలకు తేవాలి. తర్వాత బూడిద పోయేలా కడిగి, మల్టీమీటర్‌తో ఒక్కో ముక్కా చూసుకోవాలి. అంత చేసినా ఫెల్ట్ అంత వాహకత రాదు, ముక్క పెళుసుగానూ ఉంటుంది. కాలేజీ ల్యాబులో చిన్న సీసాతో పోల్చి చూడటానికి ఫెల్ట్ ముక్క ఒకటి ఉంచుకోండి. తొట్టె సైజుకు వెళితే మాత్రం వెదురే.

ఇంట్లో సోలార్ కరెంటు మిగలకపోతే వైర్ల జోలికే వెళ్లొద్దు. బొగ్గు నలగ్గొట్టి కొద్దిగా పేడ తొట్టెలో కలిపి చూడొచ్చు. ఒక రకం బ్యాక్టీరియా వదిలే ఎలక్ట్రాన్లను మీథేన్ చేసే జీవులకు బొగ్గే చేరవేయగలదని ల్యాబుల్లో తేలింది. దానికి బయటి కరెంటు అక్కర్లేదు.